మీ అక్కనే అడుగు

రాష్ట్రంలో ప్రతి కుటుంబమూ బాగుపడాలంటే ఇప్పటికే బాగుపడినవాళ్ళు తలా ఒక కుటుంబాన్ని చూసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. మా ప్రిన్సిపాల్ గారు దాన్ని స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించినప్పుడు మొదట నోరు తెరిచింది నేనే. పాతికేళ్ళుగా ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నదాన్ని, అలాంటి మాట విని ఊరుకోవడం నా వల్ల కాదు. కూలి రేట్లు, చదువు, వైద్యం సరిచేస్తే కుటుంబాలు వాటంతటవే లేస్తాయని, మనం ఒక్కొక్కరం ఒక్కో ఇంటికి వెళ్ళి మంచిమాటలు చెబితే మన మనసులు తేలికపడటం తప్ప ఏమీ జరగదని పది నిమిషాలు వాయించాను.

"అయిపోయిందా మేడమ్?" అన్నారాయన.

"ప్రస్తుతానికి."

"మంచిది. మీకు పామర్రు అవతల కుటుంబం వచ్చింది. ఇదిగో కాగితం. బస్సు దిగితే పక్కనే."

పక్క కుర్చీలో ఉన్న బోటనీ మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడకి విజయవాడలోనే, భవానీపురంలో మా ఇంటి వెనక వీధిలో కుటుంబాన్ని ఇచ్చారు. "మీ నోరు అరగాలంటే ఆ మాత్రం దూరం ఉండాలి లెండి" అంది.

బస్సు దిగితే పక్కనే కాదు. పామర్రులో దిగి షేర్ ఆటో ఎక్కి, అది దింపినచోట నుంచి కాలవగట్టు మీద నడవాలి. రేకుల ఇల్లు, ముందు తాటాకు పందిరి. పందిరి కింద ఇద్దరు ఆడవాళ్ళు తుంగ చాప నేస్తున్నారు. నా కాగితంలో పేరున్నది పెద్దావిడ. యాభైకి దగ్గర్లో ఉంటుంది. గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరు, లోపల మంచం మీద దగ్గుతూ భర్త. ఒకప్పుడు వరి కోతలకు వెళ్ళేవాడట, ఊపిరితిత్తులు పాడయ్యాక చాపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళో అమ్ముకొచ్చేవాడు, నేను వెళ్ళేనాటికి అదీ తగ్గించేశాడు. ఒక కూతురు, ఇంటర్ చదువుతోంది.

రెండో ఆవిడది పక్కిల్లు. పదేళ్ళు చిన్నది. వీళ్ళు ప్రార్థనకు పోతే ఆవిడ శుక్రవారం శుక్రవారం పసుపు రాసుకుని అమ్మవారికి దీపం పెట్టుకుంటుంది. చుట్టరికమేమీ లేదు. అయినా అక్కా అంటే అక్క, బావా అంటే బావ.

చాప నేయడం నేనెప్పుడూ చూడలేదు. నేలమీద పడుగు దారాలు సాగదీసి కట్టి ఉంటాయి. వాటిని కన్నాల్లోంచి పోనిచ్చిన చెక్కపలక పెద్దావిడ చేతుల్లో ఉంటుంది. పలక ముందుకు వంచితే దారాల మధ్య ఒక సందు, వెనక్కి వంచితే ఇంకో సందు. సందు తెరుచుకున్న ఆ క్షణంలో చిన్నావిడ పొడుగాటి వెదురుపుల్ల చివర తడి తుంగ తగిలించి ఈ అంచు నుంచి ఆ అంచుకు తోసెయ్యాలి. పుల్ల ఇవతలికి రాగానే పలక దిగి కొడుతుంది. కాస్త ముందైతే పుల్ల విరుగుతుంది, కాస్త వెనకైతే వేలు నలుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా, పుల్ల వంకైనా చూడకుండా, ఊళ్ళో ఎవరి కోడలు ఎవరినేమందో చెప్పుకుంటూ నేస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా అంతేనట.

"కూర్చోండి మేడంగారూ" అంది చిన్నావిడ పుల్ల తోస్తూనే. "ఏం రాసుకోడానికొచ్చారు? ఈ మజ్జ అందరూ రాసుకోడానికే వత్తన్నారు."

"ఊరుకోవే, విజయవాడ నించి వచ్చారు పాపం."

"విజయవాడైతే ఏందంట, ఎండ అందరికీ ఎండేగా. ముందు మజ్జిగియ్యి."

ఆవిడ నోరు నాకు వెంటనే నచ్చింది. మీ పేరు కూడా జాబితాలో ఉందా అని అడిగాను.

"నా ఇంటికి తాళం ఉందని రాసుకుపోయిందండీ ఆ సర్వే పిల్ల. నేనెక్కడున్నా? ఇదిగో, ఈ చాప మీదే. ఆ కనపడేది నా ఇల్లేనమ్మా అని చెప్పా. మీ ఇంట్లో మీరుంటేనే ఫొటో దిగుద్దండీ అంది."

"వెళ్ళి తాళం తీయకపోయారా?"

"తీసేదాన్నే. తడిపిన తుంగ ఆరిపోద్ది."

పెద్దావిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సర్వే మీద క్లాసులో ఒక జోకు కూడా వేశాను ఆ వారం.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఇష్టం లేకుండా చేశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. స్టాఫ్ రూమ్‌లో కాదని వాదించిన పనిలోనే నేను అందరికంటే బాగా నెగ్గాలనిపించింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళాను. విజయవాడ దుకాణాల్లో తిరిగి చాపలు ఎవరు కొంటారో, ఏ రంగులు అడుగుతారో కనుక్కున్నాను. తమిళనాడులో తుంగ చాపలు నేసే కరెంటు మెషిన్లు ఉన్నాయని, ఒక్క మనిషి నడిపితే చాలునని, ఇద్దరు చేతులతో రెండు రోజులు నేసేది అది ఒక పూటలో నేస్తుందని తెలిసింది. అలాంటిదొకటి నా వంతు కుటుంబానికి ఇప్పించాలని ఆఫీసుల చుట్టూ తిరిగాను. వాదించగలిగిన ప్రతి బల్ల దగ్గరా వాదించాను. చివరికి ఒక అధికారి విసిగిపోయి, "ఫారం నింపుకుని రండి మేడమ్, ఇక మిమ్మల్ని కూర్చోబెట్టలేను" అన్నాడు.

ఫారంలో పేరుకు ఒకటే గడి ఉంది.

ఆ ఆదివారం చిన్నావిడ పందిరి కింద లేదు, వీధి కుళాయికి నీళ్ళొచ్చాయని వెళ్ళింది. పెద్దావిడ ఫారం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా ఇద్దరి పేర్లూ రాయండి మేడంగారూ."

"ఒక్కటే పడుతుందమ్మా."

"సన్నగా రాస్తే రెండూ పడతయ్యిగా."

నవ్వించడానికి అనలేదు ఆవిడ. నేను మాత్రం క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఇచ్చేది కుటుంబానికని, మీవి రెండు ఇళ్ళు కాబట్టి రెండు కుటుంబాలని, జాబితాలో లేని పేరు రాస్తే మొత్తం ఫారమే వెనక్కొస్తుందని, మెషిన్ నడపడానికి మనిషి ఒక్కరే కావాలని, ముందు ఒక ఇల్లు నిలబడితే ఆ ఇల్లే పక్కింటికి పని ఇస్తుందని. లోపలి నుంచి భర్త దగ్గు వినిపిస్తోంది. ఆ దగ్గును కూడా నా వాదనలో వాడుకున్నాను. ఆయన మందుల సంగతి ఆలోచించమన్నాను. ఆవిడ లోపలి మంచం వైపు చూసింది.

"సరేనండీ. అయితే దానికి మీరే చెప్పండి. నేను చెప్పి దాని మొహం చూళ్ళేను. మీరు చెప్తే ఒప్పుకుంటది, మీరంటే దానికి ఇష్టం."

"నేను చెప్తాను. మీరు సంతకం పెట్టండి."

పెట్టింది.

కుళాయి నేను ఆటో ఎక్కే దారిలోనే ఉంది. చిన్నావిడ బిందె కింద పెట్టి నిలబడి ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"పేర్లు రాశారా మేడంగారూ?"

పేర్లు, అంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. ఒక్కో మాటా గట్టు మీద నడుస్తూ పేర్చుకున్నాను కూడా. నేను రాయలేదమ్మా, మీ అక్క రాయమంది, నేనే కుదరదన్నాను. అంతే. దూరంగా ఆటో వాడు హారన్ కొట్టాడు. వాడు ఇంకో ఐదు నిమిషాలు ఆగేవాడే, నేను లేకుండా కదలడని నాకు తెలుసు.

"మీ అక్కనే అడుగమ్మా. ఆవిడకి తెలుసు" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, ఆ ఇంటి వైపు చూసి, "అట్టాగా" అంది. బిందె నిండి పొర్లిపోతోంది. దాన్ని అలాగే చంకకెత్తుకుంది. రవికంతా తడిసింది. తడిసిందని కూడా చూసుకోలేదు.

ఆటోలో కూర్చుని, అడుగుతుందిలే అనుకున్నాను. నేనైతే తలుపు తోసుకుని వెళ్ళి అడిగేసేదాన్ని. ఆవిడ నోరూ నా నోరూ ఒకటే అనుకోవడం నా పొరపాటు. పరాయివాళ్ళతో ఎంత గట్టిగా మాట్లాడే మనిషైనా, ఇరవై ఏళ్ళు ఒకే చాప మీద తనతో కూర్చున్న మనిషిని "నా పేరెందుకు వదిలేశావు" అని అడగలేదు. ఆ మాట తెలుసుకోవడానికి నేను చదివిన చదువు అక్కర్లేదు.

మెషిన్ వచ్చింది. పనిచేసింది. ఇది నేను దాటవేయకూడదు. ఆ ఇల్లు నిజంగానే బాగుపడింది. రేకుల మీద ఆకు పరిచి ఉక్క తగ్గించుకునే ఇంటికి శ్లాబు పడింది. కూతురు విజయవాడలో నర్సింగ్‌లో చేరింది. వ్యాపారులు ఇంటికొచ్చి సరుకు ఎత్తుకుపోతున్నారు. ఇదంతా నేను కళ్ళారా చూశాను. అది అబద్ధమైతే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో, స్కీములంటే ఇంతేనని ఒక వ్యాసం రాసి పడుకునేదాన్ని.

మెషిన్ వచ్చిన కొత్తలో ఒకసారి వెళితే పెద్దావిడ దాన్ని ఆపి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అది నాతో మాట్టాడట్లేదండీ. రొయ్యలు వలిచే షెడ్డుకి పోతంది. పొద్దున్నే ఆటో ఎక్కిద్ది, పొద్దుగూకి దిగుద్ది. మీరా రోజు చెప్పారుగా దానికి?"

"చెప్పానమ్మా."

"ఏవంది?"

"ఏమీ అనలేదు."

ఆవిడ తలూపి మళ్ళీ మెషిన్ దగ్గరకు వెళ్ళింది. ఇప్పుడు మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు. ఉన్నా ఆ చప్పుడులో వినపడదు.

తర్వాతి ఏడాది భర్త పోయాడు. ఫోన్ వస్తే వెళ్ళాను. ఊరంతా పందిరి కింద ఉంది, పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు. పక్కింటి తలుపుకు తాళం ఉంది. షెడ్డుకి వెళ్ళిందని ఎవరో అన్నారు. పెద్దావిడ ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో తలెత్తి ఆ తాళం వైపు చూడటం నేను రెండుసార్లు చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చావింట్లో ఇలాంటివి మాట్లాడకూడదని సర్దిచెప్పుకున్నాను. ఏది ఎప్పుడు మాట్లాడకూడదో నాకు అంతకుముందెప్పుడూ పట్టింపు లేదు.

ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో సభ పెట్టారు. కుటుంబాలను పైకి తెచ్చినవాళ్ళు వేదికెక్కి తమ అనుభవం చెప్పాలి. నేను చెప్పాను. బాగా చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. వెనక తెర మీద రెండు ఫొటోలు వేశారు, అప్పుడు, ఇప్పుడు అని. అప్పటి ఫొటో నా ఫోన్‌తో నేను తీసిందే. అందులో ఇద్దరూ ఉండాలి. నిర్వాహకులు కుటుంబ సభ్యురాలు కానావిడను కత్తిరించేశారు. కానీ చాప వెడల్పు మూలంగా పూర్తిగా పోలేదు. తెర అంచున ఒక చెయ్యి, నాలుగు గాజులు, పుల్ల పట్టుకున్న వేళ్ళు మిగిలాయి.

కిందికి దిగి వచ్చి కూర్చోగానే బోటనీ మేడమ్ నా చెవిలో, "ఆ చెయ్యెవరిదండీ?" అంది.

"పక్కింటావిడది."

"ఆవిడ కూడా బాగుందా ఇప్పుడు?"

ఆవిడ మామూలుగానే అడిగింది, ఇంట్లో అంతా బాగున్నారా అన్నట్టు. నేను సమాధానం చెప్పలేదు. మా స్నేహంలో నేను సమాధానం చెప్పని మొదటి ప్రశ్న అదేననుకుంటాను. ఆవిడ ఆశ్చర్యంగా నా వంక చూసి, నాకు ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్ళ సీసా అందించింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఫోన్ చేయలేదు. చిన్నావిడ గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. షెడ్డుకి సెలవు. ఐస్‌లో నానీ నానీ వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉన్నాయి. దువ్వెనను రెండు వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది, చివర్లు తగలకుండా.

"దారి తప్పారా మేడంగారూ? అక్క ఇల్లు అటు."

"మీ ఇంటికే వచ్చాను."

"నా ఇంటికేవుందండీ. ఇంకా జాబితాలోకి ఎక్కలా."

నిలబడే చెప్పాను, కూర్చోవడానికి నాకు హక్కు లేదనిపించింది. నీ పేరు వద్దన్నది నేను. ఆవిడ ఇద్దరివీ రాయమంది. సన్నగా రాస్తే పడతాయంది. నీకు నేను చెప్తానని ఒప్పుకుని కుళాయి దగ్గర చెప్పకుండా ఆవిడ మీదికి తోశాను.

దువ్వెన ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలా?"

"భయమేసింది."

"నేనంటేనా?"

"నువ్వడగబోయే మాటంటే."

"ఇంత నోరున్నోళ్ళకి భయవేందండీ!" అంది. నవ్వబోయింది, రాలేదు. జుట్టు ముడేసుకుంది. వేళ్ళు నొప్పి పెట్టినట్టున్నాయి, పెదవి బిగించింది. "బావ పోయిన రోజు నేను షెడ్డుకి పోయా. పనుండి కాదు. ఆ రోజు సరుకే రాలేదు, ఉత్తినే కూర్చుని వచ్చా. ఆయన చాపలమ్మి వచ్చేప్పుడు అక్కకో పొట్లం పకోడీ, నాకో పొట్లం తెచ్చేవోడండీ. ఏమే మరదలా, నీ పొట్లంలో మిరపకాయలెక్కువ ఏయించా, నీ నోటికి సరిపోద్ది అనేవోడు." దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి పారేసింది. "ఎల్తే ఏడుపొచ్చుద్ది. ఏడిస్తే అక్క పక్కన కూర్చుని ఏడవాలి. అందుకని ఎల్లలా."

నాకు ఏం చేయాలో తోచక, తోచనప్పుడు నేనెప్పుడూ చేసే పనే చేశాను. ఈసారి నీ పేరుతో ఫారం పెడతానని, నీకూ ఒక మెషిన్ వచ్చేలా చూస్తానని మొదలుపెట్టాను.

"ఆపండి" అంది. "నాకు మిషనొస్తే ఇంకెవురు షెడ్డుకి పోవాలో అది కూడా మీరే రాసుకొచ్చారా?"

ఆవిడ గుమ్మంలోంచి లేచి నిలబడింది.

"ఇదంతా నాకు కాదు, అక్కకి చెప్పండి. నా ముందర చెప్పండి. పదండి."

నన్ను ముందు నడిపించి తను వెనక వచ్చింది, నేనెక్కడ పక్కకు తప్పుకుంటానోనని అనుమానం ఉన్నట్టు. పెద్దావిడ చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చుకోలేదు, వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నా వెనక ఎవరున్నారో చూసి చేట కింద పెట్టింది. లేచి నిలబడింది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిక కాలేదు.

పెద్దావిడ అంతా విని, "తర్వాత నేనడిగితే చెప్పానన్నారుగదండీ" అంది.

"అదీ అబద్ధమే."

"ఏమీ అనలేదన్నారు."

"అది నిజం."

"నిజవేలే అక్కా" అంది వెనక నుంచి చిన్నావిడ. "ఏవన్నా చెప్తేగా, ఏవన్నా అనేదానికి."

రెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది. అక్కా అన్నది చిన్నావిడ పలికేసిన తర్వాత గమనించుకుందనుకుంటాను, చటుక్కున గోడ వైపు తిరిగింది. పెద్దావిడ నన్ను తిట్టలేదు. తిడితే దానికేదో సమాధానం చెప్పేదాన్ని, కనీసం వినేదాన్ని. "కూర్చోండి మేడంగారూ, టీ పెడతా" అని వంటగదిలోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించిన చప్పుడైంది. ఆ మర్యాద దగ్గర నా దగ్గరున్న మాటలేవీ పనికి రాలేదు. ప్లాస్టిక్ కుర్చీలో అంచున కూర్చున్నాను.

చిన్నావిడ గోడ వైపు చూస్తూనే అడిగింది.

"బావనెక్కడ పెట్టారు?"

వంటగదిలో గిన్నె చప్పుడు ఆగింది. "కాలవగట్టు మీదే. మా అత్త పక్కన."

"రాయేయించావా?"

"ఇంకా లేదే. కర్ర సిలువ పాతాం. అది కూడా ఒరిగింది మొన్నటి వానకి."

"ఒరిగితే నిలబెట్టుకోవద్దా?"

"ఒక్కదాన్ని ఎట్టా నిలబెట్టేది? ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు మట్టెయ్యాలి."

చిన్నావిడ గోడ దగ్గర్నించి కదిలింది. నేరుగా వరండా మూలకు వెళ్ళి, అక్కడున్న పార చేతిలోకి తీసుకుంది. ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో ఆవిడ మర్చిపోలేదు.

"చూపిద్దువుగాని, పద" అంది.

పెద్దావిడ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది, చెప్పులేసుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. వెనక్కి చూడలేదు. గట్టు మీదికెక్కేదాకా ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆ తర్వాత చెట్లు అడ్డమొచ్చి కనిపించలేదు. లోపల టీ పొంగుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్ళి స్టవ్ కట్టేశాను. నన్ను ఉండమన్నట్టో వెళ్ళమన్నట్టో తెలియక, ఆ వంటగదిలోనే కాసేపు నిలబడి ఉన్నాను.